రెండు సంతకాల కారు

కమ్మింగ్, జార్జియా
జూలై 22, 2007

విశ్వనాథ్ గారికి,

నమస్కారం. ఇక్కడ నేను, జాహ్నవి, ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చిన మా అత్తగారు బాలమణి గారు, గరాజ్‌లో ఉన్న కారు, అందరం కులాసా. కారు ఒక్కటే నడవడం లేదు. అక్కడ మీరూ నీహారిక గారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సియాటిల్ దగ్గర బాతెల్‌లో ఇల్లు కొన్నారని ఎవరో చెప్పగా విన్నాను. సంతోషం.

నాలుగేళ్ళ తరువాత ఉత్తరమేమిటి, అదీ కాగితం మీద, అని మీకు అనిపించవచ్చు. రెండు ఈమెయిళ్ళు పంపాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే మీ గొంతు మెసేజ్ పెట్టమంది, పెట్టలేదు. పైగా ఈ పనికి కంప్యూటర్ చాలదు. చేత్తో పెట్టిన సంతకం కావాలి.

సంగతి ఏమిటంటే, కారు అమ్మేద్దామనుకుంటున్నాను. షార్లట్‌లో ఒక డెంటిస్టు అడుగుతున్నాడు. 1974 నాటి ఆస్టన్ మార్టిన్ వి8 అంటే చాలు, ఎలా ఉంటే అలాగే పట్టుకుపోతానంటున్నాడు. అయితే జెర్సీలో మనం రాయించిన టైటిల్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒక్కడు సంతకం పెడితే చెల్లదని ఇక్కడి ఆఫీసులో చెప్పారు. ఆ కాగితం ఇందులోనే పెట్టాను. నా సంతకం అయిపోయింది. మీరు కూడా పెట్టి తిప్పి పంపితే, మీకూ నాకూ మధ్య ఇక ఏ లావాదేవీ మిగలదు.

జాహ్నవికి గరాజ్ ఖాళీ కావాలి. మా అత్తగారికి మాత్రం కారు ఉంటేనే మేలు. పెరట్లో ఏదైనా ఆరేస్తే కాలనీ సంఘం హెచ్ఓఏ వాళ్ళు నోటీసు పంపుతారని, ఆవిడ గరాజ్ తలుపు పైకెత్తి, ఎండ పడే వైపు బానెట్ మీద పాత చీర పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెడుతున్నారు. ఇంత వెడల్పు బల్ల ఈ ఇంట్లో ఇంకోటి లేదని ఆవిడ వాదన. లండన్‌లో ఆ కంపెనీ పెట్టినవాళ్ళు ఈ ఉపయోగం ఊహించి ఉండరు.

అమ్మడానికి బాధపడాల్సిందేమీ లేదు. ఈ మార్చిలో ఫోర్డ్ వాళ్ళే ఆ కంపెనీని అమ్ముతున్నామని ప్రకటించారు. మన కారు పుట్టిన న్యూపోర్ట్ పాగ్నెల్ కార్ఖానాలో ఈ నెలతో కార్ల తయారీ కూడా ఆగిపోయిందట. అంత పెద్ద ఫోర్డ్ వదిలించుకోగా లేనిది, మనమెంత?

ఆ కంపెనీ చరిత్ర నాకు తెలిసిందంతా మీ నోట విన్నదే. జెర్సీ సిటీలో రెండు వేల ఒకటిలో ఇద్దరికీ ప్రాజెక్టులు పోయి, కన్సల్టెన్సీ వాడు ఏ రోజు ఇంటికి పంపేస్తాడో తెలియకుండా బెంచి మీద కూర్చున్న రోజులవి. చేతిలో పని లేదు, వీసా గ్యారంటీ లేదు. బుద్ధున్నవాడెవడైనా రెజ్యూమెలు పంపుకుంటాడు. మీరు పేపర్లో చిన్న ప్రకటన చూసి పెన్సిల్వేనియాలో ఎవరి పశువుల కొట్టంలోనో పడి ఉన్న కారు కొందామన్నారు. నేను సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ జాహ్నవికి చెప్పలేకపోతున్నాను.

ఎడిసన్‌లో అద్దె షెడ్డు. నేను స్పానర్ పట్టుకుని కారు కింద పడుకుంటే, మీరు పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదివి వినిపించేవారు. నట్టు ఏ సైజుదో చెప్పమంటే చెప్పేవారు కాదు గానీ, ఏ సంవత్సరం కంపెనీ ఎవరి చేతికి పోయిందో అడక్కుండానే చెప్పేవారు. 1913లో మార్టిన్, బామ్‌ఫోర్డ్ అని ఇద్దరు కలిసి మొదలుపెట్టారు. సైకిల్ క్లబ్బులో కుదిరిన స్నేహం వాళ్ళది. ఆస్టన్ కొండ ఎక్కే పోటీలో మార్టిన్ కారు బాగా పరిగెత్తిందని కొండ పేరూ ఆయన పేరూ కలిపి కారుకు పెట్టారు. బామ్‌ఫోర్డ్ పేరు అందులో లేదు. 1920లో ఆయన తప్పుకున్నాడు. అయిదేళ్ళకు కంపెనీ దివాలా తీసింది, మార్టిన్ కూడా బయటికి పోయాడు. చివరికి కారు మీద పేరున్న ఆ మార్టిన్ మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ వెళుతుంటే రోడ్డు ప్రమాదంలో పోయాడు. మీరు అది చదివిన రోజు పుస్తకం అక్కడితో మూసేశారు.

ఆ తరువాత ఎంతమంది చేతులు మారిందో. గేర్లూ ట్రాక్టర్లూ చేసుకునే బ్రౌన్ అనే ఆయన 1947లో పేపర్లో ప్రకటన చూసి కొన్నాడు. ఆయనదీ మీలాంటి జబ్బే అని నేనంటే మీకు కోపం వచ్చింది. పాతికేళ్ళు మోసి ఆయనా వదిలేశాడు. 1974 చివర్లో కార్ఖానాకు తాళం పడింది. మన కారు ఆ తాళం పడిన ఏడాదిదే. మరుసటేడు ఒక అమెరికా ఆయనా ఒక కెనడా ఆయనా కలిసి తాళం తీయించారు. లాభం రాదని తెలిసి కూడా ప్రతిసారీ ఎవడో ఒకడు ఎందుకు కొంటాడని నేనడిగాను. అదే ప్రశ్న కారు కింద పడుకుని అడుగుతున్నావని మీరు నవ్వారు.

గుడి సంగతి కూడా రాసేస్తాను. ఏడాదిన్నర అవస్థ పడ్డాక ఇంజన్ పలికింది. మీకు అప్పటికి సియాటిల్ వైపు ఉద్యోగం వచ్చింది, నాకు అట్లాంటాలో. వెళ్ళేలోపు బ్రిడ్జ్‌వాటర్ గుళ్ళో వాహన పూజ చేయిద్దామన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేయించాం. పూజారి గారు యజమాని గోత్రం, పేరు చెప్పమన్నారు. మీరు వెంటనే, "హరితస గోత్రం, విశ్వనాథ్," అన్నారు. అంతటితో ఆగారు. పూజారి గారు మంత్రం అందుకున్నారు. పక్కన కొబ్బరికాయ పట్టుకుని నేనున్నాను.

కావాలని చేశారని నేననను. ఇంట్లో అర్చన చేయించేటప్పుడు అలవాటుగా వచ్చే మాటే వచ్చి ఉంటుంది. కొబ్బరికాయ కొట్టమంటే కొట్టాను. ప్రసాదం తిన్నాను. వెనక్కి వచ్చేటప్పుడు కారు ఎంత బాగా నడిచిందో నాకింకా గుర్తే. కానీ ఆ దారంతా నాకు బామ్‌ఫోర్డే గుర్తొచ్చాడు. బాధ కలిగింది. చెప్పడానికి సిగ్గనిపించింది.

మూడు వారాల తరువాత కార్బ్యురేటర్ దగ్గర మాటామాటా పెరిగింది. కారు నీది, నువ్వే పట్టుకుపో అని నేనన్నాను. నాకెందుకు, నీదే, నువ్వే ఉంచుకో అని మీరన్నారు. లోకంలో అందరూ నాది నాది అని కొట్టుకుంటారు. మనం నీది నీది అని కొట్టుకున్నాం. మీరు విమానమెక్కారు. నేను కారును లారీ మీద ఎక్కించి ఇక్కడికి తెచ్చాను, తాళంచెవులు నా దగ్గర ఉండిపోయాయి కాబట్టి. తెచ్చిన నాటి నుంచి మళ్ళీ పలకలేదు.

ఇందులో తప్పొప్పులు తేల్చమని రాయడం లేదు. డెంటిస్టు తొందరపెడుతున్నాడు. మీకు వీలు చూసుకుని సంతకం చేసి పంపగలరు. నీహారిక గారికి మా ఇద్దరి నమస్కారాలు.

ఇట్లు,
మీతో సహ యజమాని,
కృష్ణమోహన్

తాజా కలం (బాతెల్, సెప్టెంబర్ 9, ఆదివారం పొద్దున):

ఒరేయ్ విశ్వం, ఈ ఉత్తరం పోస్ట్ చెయ్యలేదు. స్టాంపు కూడా అంటించి కవరు బల్ల మీద పెట్టాను. జాహ్నవి చూసి ఒకే ఒక్క మాటంది. "పోస్ట్ చేస్తే అన్నయ్య గారు సంతకం పెట్టి పంపించేస్తారు. అప్పుడేం చేస్తారు మీరు?"

నువ్వు పెట్టవని అనుకుంటూ రాశానని అప్పుడు తెలిసింది.

షార్లట్ డెంటిస్టు లేడురా. మా ఊళ్ళో నా పన్ను పీకినాయన ఉన్నాడు, ఆయనకి కార్లంటే గిట్టదు. ఊరికే ఉత్తరం రాస్తే నువ్వు చదవవని, ఏదో పని ఉన్నట్టు రాశాను.

కవరు అలాగే ఉంచి, వడియాలు పక్కకి జరిపి బానెట్ తెరిచాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే దాని కిందే. మా అత్తగారు టార్చ్ పట్టుకున్నారు. పోయిన ఆదివారం పలికింది. రెండు వారాలు సెలవు పెట్టి బయలుదేరాను. మూడుసార్లు ఆగిపోయింది. మోంటానాలో ట్రాక్టర్లు బాగు చేసేవాడు బెల్టు వేసి పంపాడు. నువ్వుంటే బ్రౌన్ కథ వాడికి కూడా వినిపించేవాడివి.

ఇప్పుడు మీ వీధి మలుపులో, మీ ఇంటికి నాలుగిళ్ళ అవతల మళ్ళీ ఆగింది. స్టార్టర్ తిరగడం లేదు. ఇందాక నువ్వు లుంగీ మీద బయటికి వచ్చి పేపర్ తీసుకున్నావు. ఇటు చూశావు. కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయావు. గుర్తుపట్టి వెళ్ళావో, పట్టక వెళ్ళావో తెలియదు. బెల్లు కొట్టాలంటే భయంగా ఉంది. ఇంత దూరం రావడానికి వేయని భయం ఇప్పుడు వేస్తోంది.

ఈ కవరు మీ గుమ్మం బయట చెప్పుల స్టాండ్ మీద పెట్టి, వెళ్ళి కార్లోనే కూర్చుంటాను. కాగితం లోపలే ఉంది. సంతకం పెట్టాలనుకుంటే పెట్టు, నేనేమీ అనను, టో ట్రక్కు పిలుచుకుంటాను.

లేదంటే చెప్పులేసుకుని రా. దీన్ని ఒకడు తొయ్యాలి, ఒకడు స్టీరింగ్ దగ్గర కూర్చోవాలి. ఎవరెక్కడో నువ్వే చెప్పు.

మోహన్