శాన్ రామన్ నుంచి వాన సీసా

అరోరా, ఫిబ్రవరి 3

ప్రియమైన అమ్మమ్మకి,

ఫోన్ చెయ్యొచ్చు కదే అనకు. తెలుగు క్లాస్‌లో చేత్తో ఉత్తరాలు రాయడం హోంవర్క్. పైగా నీకు ఒకటి పంపాలి. కవర్‌లో పసుపు కాగితం ముక్కలు, రంగుల చార్ట్ ఉన్నాయి, పారెయ్యకు!

సైన్స్ ఫెయిర్‌లో నా టాపిక్ వాన నీళ్లు. నీకు తెలుసా, మంచి వాన కూడా కొంచెం పుల్లగానే ఉంటుంది! గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పులుపు కొలిచే pH నంబర్ 5.6 వస్తుంది. నంబర్ ఒకటి తగ్గితే పులుపు పది రెట్లు ఎక్కువ. బొగ్గు కాల్చే పవర్ ప్లాంట్ల పొగ, కార్ల పొగ మేఘాల్లో కలిస్తే ఇంకా తగ్గిపోతుంది. అదే యాసిడ్ రెయిన్. చెరువుల్లో చేపలు చచ్చిపోతాయి.

మా అరోరా వాన 5.5. బోరింగ్! స్కూల్ నుంచి ఒక్కరే పై పోటీకి వెళ్తారు. అద్వైత్ ఏమో రోబో చేస్తున్నాడు. నాకు చాలా చాలా గెలవాలని ఉంది. ప్లీజ్, మామయ్య వాళ్ల పెరట్లో వాన పట్టు. కాగితం ముంచి, మారిన రంగు చార్ట్‌లో ఏ నంబరో చూడు, ఆ నీళ్లు సీసాలో పోసి పంపు. ఒక్కటే రూల్. ట్యాప్ వాటర్ ఒక్క చుక్క కూడా కలవకూడదు. ఒక్క చుక్క కూడా!

నీ దేదీప్య


శాన్ రామన్, ఫిబ్రవరి 14

నా బంగారు తల్లి దేదీప్యకు,

నిన్న వాన కురిసింది! మీ రఘువీర్ మామయ్య ప్లాస్టిక్ డబ్బా తెచ్చిచ్చాడు. జడ్జీల ముందుకు పోయే నీళ్లను డబ్బాలో పడతానా? గుంటూరు నుంచి తెచ్చుకున్న రాగి చెంబు తీశాను. నానబెట్టిన చింతపండు, ఉప్పు వేసి లోపలా బయటా మూడుసార్లు తోమాను. అందులో ముఖం చూసుకోవచ్చు! నీ మాట జవదాటలేదులే. ట్యాప్ కింద పెట్టనే లేదు, పొడిగుడ్డతో తుడిచి నేరుగా పెరట్లో పెట్టాను. గొడుగు వేసుకుని పక్కనే కాపలా కూర్చున్నాను. పక్కింటావిడ కంచె మీంచి తొంగిచూసి "ఆర్ యూ ఓకే?" అంది. "సైన్స్!" అన్నాను.

ఇక విను. కాగితం ముంచితే నాలుగు! నా కళ్లను నేనే నమ్మలేక మూడు కాగితాలు ముంచాను. మూడూ నాలుగే! మీ మామయ్య కారు పొగేనని నిన్నటి నుంచి వాణ్ణి ఉతికి ఆరేస్తున్నాను. సీసా మూత జాగ్రత్తగా విప్పు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


అరోరా, ఫిబ్రవరి 25

మై సూపర్‌స్టార్ అమ్మమ్మకి,

సీసా వచ్చింది! నేనూ టెస్ట్ చేశాను, నాలుగే! అంటే మా వానకంటే ముప్పై రెట్లు యాసిడ్! టీచర్ "ఆర్ యూ ష్యూర్?" అని రెండుసార్లు అడిగారు. "మా అమ్మమ్మ గొడుగు వేసుకుని కాపలా కాసింది" అని చెప్పాను. అద్వైత్ ముఖం నువ్వు చూడాల్సింది!

పోస్టర్ మీద 4 అని పెద్దగా, ఎర్రగా రాశాను. ఫెయిర్ మార్చి 8న. నీళ్లు ఎలా పట్టావో అందులో ఉంది కాబట్టి నీ ఉత్తరం కూడా బోర్డ్‌కి అతికిస్తున్నాను.

గెలవబోతున్న
దేదీప్య


అరోరా, మార్చి 9

అమ్మమ్మా,

ముందు ప్రామిస్ చెయ్యి, ఏడవనని.

నిన్న ముగ్గురు జడ్జీలు వచ్చారు. నీ ఉత్తరం చూసి, ఇంగ్లిష్‌లో చదివి చెప్పమన్నారు. గొడుగు గురించి ముందే చెప్తే నవ్వారు కూడా. చింతపండు దగ్గరికి రాగానే ఒకావిడ "ట్యామరిండ్ అంటే ఏంటి?" అన్నారు. "పుల్లగా ఉంటుంది, మేం పులిహోరలో..." అంటూ ఆగిపోయాను. వాళ్లకి తెలుగు రాదు. ఆ లైన్ వదిలేసి చదివినా ఎవరికీ తెలిసేది కాదు. నిజంగా వదిలేద్దామనే అనుకున్నాను, అమ్మమ్మా.

కానీ చెప్పేశాను. "ఈ నాలుగు వానది కాదు, చింతపండుతో తోమి కడగని చెంబుది. నా రిజల్ట్ తప్పు" అని మార్కర్‌తో ఆ ఎర్ర 4 కొట్టేశాను. అద్వైత్ గెలిచాడు. కార్‌లో చాలా ఏడ్చాను.

తప్పు నీది కాదు. ట్యాప్ వాటర్ వద్దని అంత గట్టిగా చెప్పింది నేనే కదా. ఇవాళ మా 5.5 వాన నీళ్లలో చిన్న చింతపండు ముక్క వేసి చూశాను. అరగంటలో నాలుగు! కిచెన్‌లో గెంతులు వేశాను! అమ్మ భయపడింది. ఇంకోసారి వాన పట్టవా? ఈసారి కడిగి ఆరబెట్టిన గాజు గిన్నెలో.

నీ దేదీప్య


శాన్ రామన్, మార్చి 17

నా చిట్టి సైంటిస్టుకు,

నువ్వడిగిన ప్రామిస్ నిలబెట్టుకోలేకపోయాను, బోలెడు ఏడ్చాను. నీ గెలుపు నా చేత్తో నేనే తోమేశాను కదే! మీ మామయ్యకు సారీ కూడా చెప్పాను. వాడు ఇంకా బెట్టు చేస్తున్నాడు.

మొన్న మళ్లీ వాన పడింది. గాజు గిన్నె కడిగి, బోర్లించి ఆరబెట్టి అప్పుడు పట్టాను. కాగితం ఇదిగో, ఇక్కడే అతికించాను. 5.5! ఇక్కడి వాన కూడా మంచిదేనమ్మా!

ఒక్క మాట చెప్పనా? నా పులుసులో పులుపు ఎక్కువైందని మీ తాతయ్య అన్నప్పుడల్లా "మీ నాలుకకే జ్వరం" అనేదాన్ని. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకోలేదు. అదీ వంటింట్లో, ఒక్క మనిషి ముందు. నువ్వు ముగ్గురు జడ్జీల ముందు ఒప్పుకున్నావు.

నీ దగ్గర నేర్చుకుంటున్న
అమ్మమ్మ కృష్ణకుమారి