మట్టల ఆదివారం, మామిడి కొమ్మలు

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చి కమిటీలో మళ్లీ నేనొక్కడినే ఒకవైపు. వచ్చే వారం మట్టల ఆదివారం. మా ఊళ్లో ఊరేగింపుకు ఈత మట్టలు పట్టుకోరు. చర్చి గోడ పక్కనున్న జీవమ్మక్క మామిళ్లెక్కి కొమ్మలు నరుకుతారు. ఒంటరి మనిషి. ఉన్నవి నాలుగు చెట్లు, ఏడాదంతా వాటి మీదే బతకాలి. చెట్టు నిండా కాయలున్న నెలలో కత్తి పెట్టడమేమిటి? కోడుమూరు పోయి హార్టికల్చర్ ఆఫీసర్ని అడిగొచ్చా. ప్రూనింగ్, అంటే కొమ్మల కత్తిరింపు, కాయ దిగాకే, జూలైలో అన్నాడు. ఇది భక్తి కాదు, ఒంటరి మహిళ మీద దౌర్జన్యం అన్నా. పాస్టర్ యేసుప్రసాద్ గారు ఆమె సంతోషంగానే ఇస్తోందన్నారు. లేనివాళ్ల సంతోషాన్ని నేను నమ్మనన్నా. పెండ్లి భోజనంలో కూడా తీర్మానం పెట్టే రకమని కమిటీలోని జయరాజ్ నన్ను ఎగతాళి చేశాడు.

ఏప్రిల్ 8

గెలిచా.

ఏప్రిల్ 13, ఆదివారం

తెల్లారేసరికి వాగులో ఉన్నా. బండి మీద ఈత మట్టలు తెచ్చా. చేతుల నిండా ముళ్లు. ఊరేగింపు బ్రహ్మాండం. ఒక్క మామిడాకు రాలలేదు. జీవమ్మక్క నా వైపు ఒకసారి, తన చెట్ల వైపు ఒకసారి చూసింది. కృతజ్ఞత అనుకున్నా.

మే 4, సాయంత్రం 6

గాలివాన. ఆమె పెద్ద చెట్టు కొమ్మ చీలి, కాయలతో సహా గోడ మీద పడింది.

మే 5

పొద్దున్నే పోయా. ఆమె కాయలేరుతోంది. నేనూ కూర్చుని ఏరా. ఊరగాయకు తప్ప పనికిరావు.

అప్పుడు చెప్పింది. ఇరవై ఏళ్లుగా మట్టల ఆదివారం ముందురోజు చెట్ల కింద తిరిగి, కాయ పట్టని కొమ్మలకు, ఒకదాంట్లో ఒకటి దూరిన కొమ్మలకు సున్నం బొట్టు పెట్టేదట. జనం అవే కొట్టేవాళ్లు. కమిటీ పెద్దలేమో అది దేవుడి వంతుకు గుర్తనుకున్నారు. కొట్టే చోటికి ఎన్నడూ పోని నాకు అదీ తెలియదు. ఈసారి ఎవరూ కొట్టలేదు. చెట్టు గుబురుగా ఉండిపోయి గాలికి దొరికింది.

ఆఫీసర్ చెప్పిన జూలై సంగతి ఎత్తా.

"నీ నెలే సరైందిలే జయపాలూ. ఆ నెల్లో నా చెట్టెక్కే మనిషి యాడుండాడు?"

 ఆడవాళ్ల మాట వినాలని పదిహేనేళ్లుగా కరపత్రాలు రాస్తున్నా. ఈమెను ఒక్క మాట అడగలేదు.

జూన్ 1, ఆదివారం

జూలై మొదటి ఆదివారం ఆరాధన కాగానే అందరూ రంపాలతో జీవమ్మక్క చెట్ల దగ్గరికి రావాలని కమిటీలో అన్నా. బైబిల్లో ఎక్కడుందని జయరాజ్. ఎక్కడ వద్దనుందని నేను. అరగంట నడిచింది. చివరికి నిచ్చెన తానే తెస్తానన్నాడు.

జూన్ 22

కాయ దిగింది. మిగిలిన మూడు చెట్లు నిలబెట్టాయి. ఆమెకు ఏడాది గడుస్తుంది, కాస్త బిగువుగా. నాకొక బుట్ట పంపింది. తినడానికి సిగ్గేసింది. తిన్నా. శానా తీపి.

జూలై 6, మధ్యాహ్నం, చెట్టు మీద

పదకొండు మంది వచ్చారు. ఏ కొమ్మ కొయ్యాలో ఆమెతో వాదించానని జీవమ్మక్క నిచ్చెన తీసుకుపోయింది. ఇక్కడ గాలి బాగుంది.