నోరున్నవే మిగిలిన పెరడు

బావగారికి,

నీ బావమరిది నమస్కారాలతో రాస్తున్న సంగతులు. ఉభయకుశలోపరి అని అలవాటు కొద్దీ రాసి, ఆగి, కొట్టేశాను. ఆ గీత నీకు కనిపిస్తూనే ఉంటుంది, సిరా ఒలికిందనుకోకు. ఇక్కడ మీ చెల్లెమ్మ, అంటే నా ఇల్లాలు, కులాసా. మా అమ్మాయి కులాసా. అక్కడ నువ్వు కులాసా అని తలుస్తాను.

ఉత్తరం ఇంటికి కాకుండా నీ వడ్రంగి షెడ్డుకు వచ్చేసరికి నీ గుండెల్లో రాయి పడే ఉంటుంది. ఫోన్‌లో చెప్పి చావొచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, నువ్వు హలో అనేలోపు అక్క సగం కబుర్లు ముగిస్తుంది. షెడ్డులో ఉన్నప్పుడు చేస్తే రంపం చప్పుడు తప్ప నీకేమీ వినపడదు. పైగా ఇది కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిన విషయం. అందుకని ఒక్కడివే కూర్చుని చివరిదాకా చదువు. అక్కకు దాచమని అనడం లేదు. ఎలా చెప్పాలో నువ్వు ముందు ఆలోచించుకుంటావని.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు, లేకపోతే ఎగ్గొట్టానంటావు. మీ చెల్లెమ్మ కుట్టుమిషన్ బాగైంది. దానికి పట్టింది పెద్ద జబ్బేమీ కాదు, చక్రంలో దారం చుట్టుకుంది. పక్కింటి మాస్టారు రిటైరయ్యారు, ఇప్పుడు గోడ మీంచి నాకు పాఠాలు చెబుతున్నారు. ఇక నక్క బొమ్మ సంగతి. మన పెరటి లెక్కలో ఓడినవాడు గెలిచినవాడి జంతువును గీసి పంపాలన్నది మన షరతు కాబట్టి గీశాను. మాస్టారు దాన్ని చూసి "దూడ ముద్దుగా ఉంది" అన్న మాట నిజమే. అయినా దాన్ని తీసుకెళ్ళి షెడ్డు గోడకు అంటించడం స్నేహితుడు చేయాల్సిన పని కాదు.

నువ్వు నాకు బావవు కాకముందు పదేళ్ళు స్నేహితుడివి. దేశాలు వేరయ్యాక మన స్నేహం ఈ పెరటి లెక్క మీదే నడుస్తోంది. ఆదివారం పొద్దున అరగంట ఎవరి పెరట్లో వాళ్ళం కూర్చోవడం, కంటపడిన జీవినల్లా రాసుకోవడం, నెలకోసారి పంపుకోవడం. నీ నక్కకు నా ముంగిస, నీ కుందేలుకు నా ఊసరవెల్లి. నీ లెక్క కింద ఎర్ర సిరాతో అక్క వరుస. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని రాస్తారు కాబట్టి కాపీ కొట్టుకోకుండా మధ్యలో పుస్తకం అడ్డం పెట్టుకుంటారని రాశావు ఒకసారి, నేనూ మీ చెల్లెమ్మా పడీపడీ నవ్వాం.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగిన మాట ఇది: "ఏరా, నీ ముంగిస ఏమైంది? ఊసరవెల్లి ఏమైంది? నాలుగు నెలలుగా చూస్తున్నా, కాకి, ఉడుత, కప్ప, వడ్రంగిపిట్ట తప్ప నీ లెక్కలో ఇంకోటి లేదు. నీ పెరట్లో నోరున్నవే మిగిలాయా? నోరులేనివన్నీ నీ మీద అలిగి వెళ్ళిపోయాయా?"

చదివి నవ్వుకున్నాను. ఎలాగైనా ముంగిసను రాసి పంపి నీ నోరు మూయించాలని పంతం కూడా పట్టాను. పోయిన ఆదివారం పొద్దున్నే కుర్చీ వేసుకుని దానికోసమే కూర్చున్నాను. ఇరవై నిమిషాలైనా జాడ లేదు. మీ చెల్లెమ్మ టీ తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కదలకండి," అంది.

"ఏమైంది?"

"మీ కాలి పక్కనే ఉంది కదా, రాసుకోరేం?"

"ఏది?"

"ముంగిసండీ. మీ చెప్పు వాసన చూస్తోంది."

తల తిప్పేసరికి అది కంచె కిందికి దూరింది. తోక మాత్రం చూశాను. ఆటపట్టిస్తోందనుకుని విసుక్కున్నాను. "ఆటేంటి? ఇందాకట్నుంచీ మీ కుర్చీ చుట్టూనే తిరుగుతోంది. వంటింట్లోంచి చూస్తూనే ఉన్నా. మీరు చూసి ఊరుకున్నారనుకున్నా," అంది. గ్లాసు నా చేతికివ్వబోయి, నా ముఖం చూసి, దాన్ని నేలమీద పెట్టేసింది.

అప్పుడు నాకు ముంగిస మీద ధ్యాస లేదు బావా. నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆ సంగతి ఇప్పుడు నీకు చెబుతున్నాను.

అంతకు పన్నెండు రోజుల ముందు, పొద్దున పదిన్నరకు, ఆసుపత్రి దగ్గర బస్సును మలుపు తిప్పుతున్నాను. అద్దంలో చూశాను, ముందుకు చూశాను. రోడ్డు ఖాళీ. ఉన్నట్టుండి కండక్టరమ్మ బస్సు రేకు పగిలేలా బాదుతూ "ఆపు, ఆపు" అని అరిచింది. బ్రేకు తొక్కాను. నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. దిగి చూస్తే ముందు చక్రానికి జానెడు దూరంలో పిల్లల్ని తోసుకెళ్ళే బండి. బస్సు అంచు తగిలి దాని చక్రం ఒకటి వంగిపోయింది. లోపల పాప కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ముందే విని ఉండేవాణ్ణి. తల్లి పాపను ఎత్తుకుని ఫుట్‌పాత్ అంచున కూలబడిపోయింది. ఆమె పాప కాళ్ళూ చేతులూ తడిమి చూసుకోవడం మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది. నాకు ఎదురుగా ఉంది కదా.

జరిగింది డిపోలో రాసివ్వమన్నారు. "బ్రేకు సరిగ్గా పట్టలేదు" అని రాశాను. రోడ్డు ఖాళీగా ఉందని నా కళ్ళు చెప్పాయి, నా కళ్ళను నేను నమ్మాను, ఇంకేదో తప్పు జరిగి ఉండాలి అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఒక్క మచ్చ లేని డ్రైవర్ని, నా మాట ఎవరు కాదంటారు? మెకానిక్‌ను పని నుంచి పక్కన పెట్టారు. ఆయన నోరులేని మనిషి. "బాగానే ఉందండీ" అని ఒకసారి అని ఊరుకున్నాడు. ఆయన కూడా నా లెక్కలోకి రాలేదు.

ముంగిస దెబ్బతో మంగళవారం ఇద్దరం కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గోడమీది అక్షరాలు చివరి వరుసదాకా గడగడా చదివేశాను. డిపోలో ఏటా చేసే పరీక్షలో నెగ్గుతూ వచ్చింది దాంతోనే. ఆవిడ మెచ్చుకోలేదు. తన ముక్కు మీదే చూపు నిలపమని చెప్పి, నా చెవి వెనకనుంచి చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చింది. కనిపించగానే చెప్పమంది. నేను చెప్పేసరికి ఆ చెయ్యి దాదాపు నా ముఖం ముందుకు వచ్చేసింది. మీ చెల్లెమ్మ పక్కనే కూర్చుని అంతా చూసింది. నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ తీయలేదు.

"చూపు మధ్యలో బాగుంది, చుట్టూరా మూసుకుపోతోంది," అంది డాక్టరమ్మ. "చప్పుడైతే మీరు అటు తల తిప్పుతారు, తిప్పితే కనిపిస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ మీకే తెలియలేదు."

నీ ప్రశ్నకు జవాబు అదే. నోరులేనివి నా మీద అలగలేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి, నాకే కనిపించడం లేదు. పోయింది తిరిగి రాదట, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు. నాకు భయం వేసింది బావా. ఇది రాస్తుంటే కూడా వేస్తోంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఆవిడ అడిగితే లేదన్నాను. మీ చెల్లెమ్మ మెల్లగా "మామయ్యగారు?" అంది. అంతే, నాన్న మొత్తం కళ్ళముందుకొచ్చాడు. గుమ్మాలకు తల కొట్టుకోవడం, బకెట్లు తన్నుకోవడం, పొద్దు వాలితే గోడ పట్టుకుని నడవడం. పరధ్యానం మనిషి అనుకున్నాం. ఆయనకు గుమ్మం మామయ్య అని పేరు పెట్టింది నువ్వే. మీ పెళ్ళిలో నువ్వు పక్కనుంచి వచ్చి నమస్కారం పెడితే ఆయన పలకరించలేదని వారం రోజులు ముఖం మాడ్చుకున్నావు, గుర్తుందా? ఆయనకు నువ్వు కనిపించలేదు. పదిహేడేళ్ళ తర్వాత నీ అలక తీరుస్తున్నాను.

ఇది తండ్రినుంచి కొడుక్కే కాదు, కూతురికీ రావచ్చట. మా అమ్మాయిని కూడా చూశారు. ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏటా చూపించమన్నారు.

గురువారం డిపోకు వెళ్ళి మేనేజర్ ముందు నిజం రాసిచ్చాను. తాళం, బ్యాడ్జీ బల్లమీద పెట్టాను. మెకానిక్‌ను పిలిపించారు. ఆయన్ని చూడగానే నేను లేచి నిలబడ్డాను. ఆయనే అన్నాడు: "ఆ బ్రేకు నాలుగుసార్లు విప్పి చూశానండీ. ఏ తప్పూ దొరక్కపోతే నా చేతుల మీద నాకే అనుమానం వచ్చింది." నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన్ని ఆ రోజే పనిలోకి తీసుకున్నారు. నన్ను ఏం చేస్తారో ఇంకా తేలలేదు. ఏం చేసినా నేను నోరెత్తను.

ఇక్కడిదాకా నా గొడవ. దీనికోసమే అయితే ఉత్తరం ఇంటికే రాసేవాణ్ణి.

పోయిన ఉత్తరంలో నువ్వు సంబరంగా ఇంకో కబురు రాశావు. అక్కకు బడిపిల్లల వ్యాన్ నడిపే ఉద్యోగం వచ్చిందని, ఒకటో తారీఖున చేరుతుందని, తమ్ముడి పేరు నిలబెడుతుందని. దాని కిందే నవ్వుతాలుకు ఒక ముక్క: "నిన్న మీ అక్క గడ్డిలో కూర్చున్న కుందేలు మీద కాలు వేయబోయింది. పాపం, కుందేలుకు గుండె ఆగినంత పనైంది." మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను.

నిన్న పొద్దున అలమారాలోంచి ఈ ఏడాది నీ ఉత్తరాలన్నీ తీసి నేలమీద వరసగా పరిచాను. తల అటూ ఇటూ తిప్పుకుంటూ ఒక్కో ఆదివారం చదివాను. నీ వరుసల్లో కుందేలు, నత్త, తాబేలు, సీతాకోకచిలుక, కంచె పక్కన నక్క. అక్క వరుసల్లో కాకి, కప్ప, బాతు, వడ్రంగిపిట్ట, తుమ్మెద. ఏడాది మొదట్లో అక్క వరుసలోనూ కుందేలు ఉంది, సీతాకోకచిలుక కూడా ఉంది. ఏడు నెలల నుంచి ఎర్ర సిరాలో నోరులేనిది ఒక్కటీ లేదు. ఒకే బల్ల మీద, పక్కపక్కనే, ఒకే అరగంట కూర్చున్నారు మీరిద్దరూ. నీకు కనిపించినవి అక్కకు కనిపించలేదు. మనం ఏమనుకున్నాం? అక్కకు ఓపిక తక్కువ, ధ్యాస అంతా వంటింటి మీదే అనుకున్నాం. నాన్నను అన్నట్టే అన్నాం.

నేను డాక్టర్ని కాను. నా భయమే అన్నిచోట్లా నాకు కనిపిస్తోందేమో. అలా అయితే అంతకంటే నాకు కావలసిందేమీ లేదు. కానీ ఒకటో తారీఖుకు పట్టుమని పదిహేను రోజులు లేవు. ఈ ఉత్తరం చేరేసరికి ఇంకెన్ని మిగులుతాయో తెలియదు.

నువ్వు చేయాల్సింది చెబుతాను. అక్కను బల్లమీద కూర్చోబెట్టు. కంచెలో మధ్య గుంజ మీద చూపు నిలపమను. నువ్వు వెనక నిలబడి, చెవి వెనకనుంచి చెయ్యి మెల్లగా ముందుకు తీసుకురా. మాట్లాడకు. చేతి గడియారం తీసి జేబులో వేసుకో, టిక్ టిక్ వింటుంది. అక్క చెవులు నీకు తెలుసు కదా, వీధి చివర మన గుసగుసలు వినేది. చెయ్యి భుజం దాటగానే కనిపించిందంటే నా నెత్తిన నాలుగు మొట్టికాయలు వేయమను, నా దూడ బొమ్మను ఊరంతా అంటించు. చెయ్యి ముఖం ముందుకు వచ్చేదాకా ఏమీ అనకపోతే, ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. భుజం దగ్గరే చెప్పినా సరే, ఒకటో తారీఖు లోపల ఒకసారి చూపించు. పిల్లల్నీ చూపించు.

అక్కకు కోపం వస్తుంది. ఆ ఉద్యోగం కోసం ఎంత తిరిగిందో, ఎంత చదివిందో నాకు తెలుసు. తమ్ముడికి ఓర్వలేనితనం అంటుంది. అననీ. ఆ కోపమంతా నామీదికి తోసెయ్, చిన్నప్పట్నుంచీ నాకు అలవాటే. ఒక్క మాట మాత్రం చెప్పు. వ్యాన్ లోపలి పిల్లలు గోల చేస్తారు. బయట, చక్రం పక్కన నిలబడ్డ పిల్ల చెయ్యదు. ఆ పాప నన్ను చూసిన చూపు అక్క జన్మలో చూడకూడదు.

పైన కొట్టేసిన ఉభయకుశలోపరిలో నా సగం తేలిపోయింది. అక్క సగం నీ చేతిలో ఉంది. నీ నక్కలూ నీ గెలుపులూ నాకు వద్దు బావా. ఎర్ర సిరాలో ఒక కుందేలు, నువ్వు చూపించకుండా అక్క తనంతట తాను చూసి రాసింది, ఒక్కటి చాలు.

ఇట్లు,
ముందు నీ స్నేహితుడు, ఆపైన నీ బావమరిది