కింది వాటా చిప్, పై వాటా గెంతులు

పై వాటా స్కిప్పింగ్ టీచరు గారికి,

కింది వాటా పరిశోధకురాలు నమస్కరించి రాయునది.

మీ క్లాసు మొదలవగానే నా మైక్రోస్కోపు ఊగుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టుంది నా పని. నా దగ్గర బొటనవేలంత గాజు చిప్ ఒకటుంది. దాని లోపల వెంట్రుక కన్నా సన్నటి కాలవలు, ఆ కాలవల్లో కంటికి ఆనని స్తంభాలు. రక్తంలోంచి తీసిన డీఎన్ఏ ముక్కల్ని అందులోకి వదిలితే చిన్నవి సందుల్లోంచి చకచకా జారిపోతాయి. పెద్దవి స్తంభాల మధ్య ఇరుక్కుని, ఆయాసపడుతూ వెనకబడతాయి. అలా సైజుల వారీగా వేరుపడాలి. పడుతున్నాయో లేదో చూద్దామంటే మైక్రోస్కోపులో బొమ్మ ఒక్క క్షణం నిలవదు.

త్వరలో తనిఖీ అధికారులు వస్తున్నారు. చిప్ పనిచేస్తుందని చూపించలేకపోతే మా సంస్థ ఈ గదికి తాళం వేస్తుంది, ఇన్నేళ్ల చాకిరీకి నేను నీళ్లొదులుకోవాలి. దయచేసి గెంతులు ఆపించండి.

ఇట్లు,
పట్టిన పట్టు విడవని కింది వాటా

తా.క.: నా తలకి సరిగ్గా పైన గెంతేది ఎవరో గానీ, వారిని కాస్త గోడవారకి జరపండి.

*

కింది వాటా మేడమ్ గారికి,

పై నుంచి నమస్కారం.

మీ ఉత్తరం క్లాసులో అందరికీ చదివి వినిపించాను. బుద్ధి తక్కువై చదివాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా బరువు తగ్గమని డాక్టర్లు చెప్పినవాళ్ళు. ‘పెద్దవి ఇరుక్కుని ఆయాసపడతాయి’ అన్నచోట మా దర్జీ అక్క తాడు కింద పడేసి ఏడ్చింది. డీఎన్ఏ పేరు పెట్టి ఇన్నేసి మాటలా? మా హాల్లో స్తంభాలున్న మాట నిజమే. ఇంతవరకూ ఒక్కరు కూడా వాటి మధ్య ఇరుక్కోలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి.

మేం గెంతుతాం. రేపటి నుంచి ఇంకో గంట ఎక్కువ గెంతుతాం.

ఇట్లు,
ఎవరికీ తీసిపోని పై వాటా

తా.క.: మీ తలకి సరిగ్గా పైన గెంతేది నేనే.

*

టీచరు గారికి,

నమస్కారాలు ఇదివరకే అయ్యాయి కనక విషయానికి వస్తాను.

నేను రాసింది అణువుల గురించి. మనుషుల్ని ఎవరైనా గాజు కాలవలోకి వదులుతారా? గోరంతని కొండంత చేశారు మీరు. ఇక మాటలతో లాభం లేదని భవనం యజమానికి ఫిర్యాదు చేశాను. శుక్రవారం నుంచి హాలు మీకు ఇవ్వనని ఆయన మాటిచ్చారు.

ఇట్లు,
తప్పనిసరై ఇంత పని చేసిన కింది వాటా

తా.క.: దర్జీ అక్కగారికి నా సానుభూతి. బరువుండటం అణువు తప్పు కాదని ఆవిడకి చెప్పండి.

*

మేడమ్,

హాలు ఖాళీ చేశాం. తాళ్ళు సంచిలో, మేం వీధిలో. మార్కెట్ వెనక రేకుల షెడ్డులో గెంతుదామంటే అక్కడ లారీలు ఆపుతున్నారు.

ఆడలేక మద్దెల ఓడు అన్నదట మీలాంటావిడే. మేం లేకపోయినా మీ చిప్ పనిచేయదు, చూస్తూ ఉండండి. ఇది శాపం కాదు, నా అంచనా.

ఇట్లు,
ఏ వాటా లేని టీచరు

తా.క.: మీ సానుభూతిని మీకే తిప్పి పంపమంది దర్జీ అక్క.

*

పూజ్యులైన టీచరు గారికి,

సాష్టాంగ నమస్కారాలు.

మైక్రోస్కోపు ఇప్పుడు కొండలా నిలబడింది. అంతా స్పష్టంగా కనిపిస్తోంది. ఏం కనిపిస్తోందంటే, ఏమీ జరగడం లేదని. పెద్ద ముక్కలు స్తంభాలకి చుట్టుకుని కూర్చున్నాయి. చిన్నవి దారి లేక వాటి వెనక ఆగిపోయాయి. మీరు గెంతిన రోజుల్లో చిప్ చివర పట్టి దాచిన చుక్కల్ని అనుమానమొచ్చి పరీక్షించాను. చిన్నవి వేరు, పెద్దవి వేరు! ఇరుక్కున్నవాటిని మీ గెంతులే కదిలించాయి. బొమ్మ ఊగుతుండటంతో నాకు కనబడలేదు, అంతే.

నేను ఊరుకోలేదు. బల్ల గుద్దాను. వాషింగ్ మెషిన్ తెచ్చి పక్కన తిప్పాను. హాలు తాళం తీయించి నేనే గెంతాను. ఉఫ్‌మంటే ఎగిరిపోయే మనిషిని, నేను గెంతినట్టు నేలకి తెలియనే లేదు. మీ నోటి దగ్గర కూడు తీసినందుకు సిగ్గుగా ఉంది, ఏడుపూ వస్తోంది. సోమవారం అధికారులు వస్తారు. యజమాని కాళ్ళావేళ్ళా పడి తాళం చెవి తెచ్చాను. రండి.

ఇట్లు,
మద్దెలకి క్షమాపణలతో కింది వాటా

తా.క.: దర్జీ అక్కగారు తప్పకుండా రావాలి. ఆవిడ లేనిదే సైన్సు లేదు.

*

మేడమ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం మళ్ళీ అందరికీ చదివాను. తాజా కలం రెండుసార్లు చదివించుకున్నారు.

వస్తాం. దర్జీ అక్కది ఒకటే షరతు. పెద్దవి ఇరుక్కుంటే తప్పు పెద్దవాటిది కాదు, దారి ఇరుగ్గా కట్టినవాళ్ళదని మీరు అధికారుల ముందు పైకి అనాలి.

ఇట్లు,
మళ్ళీ పై వాటా

తా.క.: నేను మీ తల పైనే గెంతుతాను. గోడవారకి జరగను.

*

టీచరు గారికీ, శిష్యురాళ్ళందరికీ,

చేతులెత్తి నమస్కారం.

గెలిచాం! చిన్నవి ఒక గొట్టంలో, పెద్దవి ఇంకో గొట్టంలో దిగాయి. దర్జీ అక్కగారు చెప్పమన్నది చెప్పాను. దారి కట్టింది నేనే కనక తప్పు నాదేనని కూడా అన్నాను. పెద్ద అధికారి టీ కప్పులో సున్నం రాలాక, ఆ కదిలించే యంత్రం ఏదో చూపించమన్నారు. అందుకే వాళ్ళు పైకొచ్చి మిమ్మల్ని అంతసేపు నోరు తెరుచుకుని చూశారు.

ఈరోజు ఆర్డరు వచ్చింది. నా గది ఉంటుంది. హాలు అద్దె ఇకపై సంస్థే కడుతుంది, ఎందుకంటే మీ క్లాసుని పరికరాల్లో చేర్చారు. ఒక్కటే చిక్కు. ప్రయోగం పూర్తయ్యే దాకా పరికరంలో ఏ మార్పూ జరగకూడదట. అంటే మూడేళ్ల పాటు మీలో ఎవరూ ఒక్క కిలో కూడా తగ్గకూడదు. మీ వృత్తికే ఎసరు పెట్టే ఈ మాట మీ మొహం మీద చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
మీ కింద బతుకుతున్న కింది వాటా

తా.క.: మెట్ల మీద ఎదురైన దర్జీ అక్కగారికి మాత్రం చెప్పేశాను. కోప్పడతారనుకుంటే గట్టిగా వాటేసుకున్నారు. సంస్థ ముద్రతో ఆ ఆర్డరు నకళ్ళు క్లాసులో అందరికీ కావాలట, డాక్టర్లకి చూపించడానికి.