వాగు పక్క కౌజుల జంట

చరాలా పైకొండ,
మే 9

చిరంజీవి లిబార్దోకు అమ్మ దీవెనలు. నా మోకాలు తప్ప ఇంట్లో అందరం కులాసా. బొగ్గు గనిలో నీ దగ్గు ఎలా ఉందో రాయలేదు. రాయవని తెలుసు.

పాప ఎవరి పోలికని అడిగావు. ముక్కు మాత్రం చనిపోయిన మీ నాన్నదే, ఏం చేస్తాం. నూబియాకు నలభై రోజుల బాలింత పథ్యం మొన్ననే ముగిసింది. అన్నాళ్లూ తలస్నానం చేయనివ్వలేదని ఇప్పటికీ గొణుగుతోంది. నీ పెళ్లానికి నోరెక్కువే.

వాగు పక్క అడవిలో కౌజు పిట్టల జంట ఇంకా కూస్తోందా అని మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ నేను మాట దాటేశాను. నెలాఖరుకు బొగొతా నుంచి పిట్టల సంఘం వాళ్లు వస్తారనీ, ఆ అరుదైన జంట ఉంటే అడవికి కాపలా పెడతారనీ, ఆ పని నీకొస్తే గని మానేసి ఇంటికొచ్చేస్తాననీ రాశావు. అది చదివాక ఇక దాటేయలేను.

కాన్పయిన పదకొండో రోజున నూబియాకు పాలు ఆగిపోయాయి. అప్పటికే మన కోళ్లన్నీ తెగులుకు పోయాయి. కొండచరియ పడి దారి మూసుకుపోయింది, కొని తెద్దామన్నా వీల్లేదు. కోడి పులుసు లేనిదే బాలింతకు పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పాపకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. మీ నాన్న పాత ఉచ్చు తీసుకుని, పొద్దున్నే మసక చీకట్లో వాగు దగ్గరికి వెళ్లాను. జంటలో ఒకటి పడింది. ఆడదో మగదో చూడలేదు. ఈకలు పీకి అక్కడే పాతేసి, పిట్టను ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను.

నూబియా గిన్నెలోకి చూసి, "అత్తా, ఈ కోడికి ఎముకలు ఇంత సన్నగా ఉన్నాయేంటి?" అంది.

"తాగవే. ప్రశ్నలడిగితే పాలు పడవు," అన్నాను.

మర్నాటికి పాలు పడ్డాయి. అది కౌజని నూబియాకు నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మిగిలిన కౌజు రోజూ పొద్దున కూస్తోంది. సగం కూసి, రెండోది అందుకుంటుందని ఆగుతుంది. కాసేపటికి మళ్లీ మొదలుపెడుతుంది. నేనప్పుడు బెల్లం నీళ్లు కాచుకుంటూ ఉంటాను. సిగ్గేస్తుంది.

వచ్చే సంఘం వాళ్లకు నిజం చెబుతావో లేదో నీ ఇష్టం. చెబితే నా పేరే చెప్పు. నీకు గని తప్పకపోతే ఆ పాపం నాదే. కానీ అబద్ధమెందుకు, ఆ పదకొండో రోజు మళ్లీ వస్తే నేను మళ్లీ ఉచ్చు పెడతాను. అంతా విని కూడా వాళ్లు ఆ కాపలా పని నీకే ఇస్తే, నువ్వు మొదట కన్నేసి ఉంచాల్సింది నా మీదే.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఎర్మెలిందా