బయల్దేరిన చోటికే

కార్తీక సోమవారం, 2007
టేకులపల్లి

ఈరోజు బడిలో కంప్యూటర్ గది ఊడ్వడం అయిపోయినా అక్కడే గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఫిజిక్స్ టీచరమ్మ తొమ్మిదో తరగతి పిల్లలకు చలనం పాఠం చెబుతోంది. తెర మీద ఒక బొమ్మ మనిషి. పిల్లలు మౌస్‌తో ఎటు లాగితే అటు నడుస్తాడు. ఇంటి నుంచి చెట్టు దాకా పోయి మళ్లీ ఇంటికి రాగానే కింద స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటికీ ఆగిన చోటికీ మధ్య ఎడం, సున్న అని పడింది.

"గంత నడిస్తే సున్ననా మేడం!" అని పిల్లలు గోల చేశారు. టీచరమ్మ పక్కనే ఉన్న దూరం అంకె చూపించింది. అది తగ్గలేదు.

నాకు ఇంట్లో మా ఆయన గుర్తొచ్చాడు. పక్షవాతం వచ్చి కోలుకున్నా, రోజూ నడవకపోతే కాలు పూర్తిగా పట్టేస్తుందని దవాఖానాలో చెప్పారు. లేవమంటే, "ఏడికి పోవాలె? తిరిగి ఈ మంచానికే గద" అంటాడు.

సాయంత్రం దీపం పెట్టి, ఆ బొమ్మ సంగతి చెప్పాను.

"అయితే తులసికోట చుట్టు నీ ప్రదక్షిణలు గూడ సున్ననే గదనే!" అని ఎగతాళి చేశాడు.

"దూరమన్న ఉంటది, లేవరాదయ్యా" అని చెయ్యి చాపాను.

నా భుజం పట్టుకుని కోట చుట్టూ ఒక్కసారి తిరిగాడు. మంచం మీద కూలబడి, "సున్న" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ప్రదక్షిణల మాట మాత్రం ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. స్వామికి ఏ అంకె కనిపిస్తుందో...

రేపు తెల్లవారుజామున నేను లేచినప్పుడు తననూ లేపమన్నాడు.