చెయ్యెత్తితే ఆపాలి

ప్రియమైన కోడలు పిల్లకి,

పగలు మీ ట్రైనింగ్‌లో ఫోన్లు తీసి దాచేస్తారు, సాయంత్రానికి నువ్వు సొమ్మసిల్లి పడుకుంటావు. అందుకే రాస్తున్నాను. పాప బాగానే ఉంది. నా మోకాళ్లే దాని వెంట పరుగెత్తలేకపోతున్నాయి.

క్రేను నడపడం నేర్చుకుంటానన్నావు, సరే అన్నాను. కానీ పరీక్ష ఒక్కసారే. గట్టెక్కావా, ఉద్యోగం. లేదంటే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్. మావాడి మాటా అదే. నువ్వు ఆ యంత్రమెక్కావని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

నీ మేలు కోరే అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకి,

డొంకతిరుగుడు నాకు రాదు. పరీక్ష పోయింది.

ఇనుప దూలం గాల్లో ఉంది. సైగలు చేసే ఆయన ఎత్తమంటున్నాడు. ఇంతలో ఓ మూల ఎవరో ఆపమన్నట్టు రెండు చేతులూ ఊపారు. ఎత్తమనీ దించమనీ చెప్పేది ఒక్కరే, ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. మాకు మొదట నేర్పే పాఠం అదే. ఆపేశాను. తీరా చూస్తే ఆ చేతులు ఊపినాయన స్నేహితుణ్ని టీకి పిలుస్తున్నాడు. ఈలోగా గడువు కాస్తా దాటిపోయింది.

"ఆడవాళ్లకి భయమెక్కువ" అని తోటివాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది. పరీక్ష పెట్టినాయన మాత్రం, "మళ్లీ ఇలాగే జరిగితే ఏం చేస్తావమ్మా?" అనడిగాడు. "మళ్లీ ఆపుతానండీ" అన్నాను. వచ్చే నెల ఇంకోసారి రానిస్తారట.

మీకిచ్చిన మాట తప్పుతున్నాను. ఎంతైనా తిట్టండి, రమ్మని మాత్రం అనకండి. పాప మీద బెంగతో ఏడుపొస్తోంది. అయినా రాను.

మీ మొండి కోడలు

ప్రియమైన మొండి కోడలికి,

నీ ఉత్తరం మావాడి చేత కూడా చదివించాను. "ఒకసారే అనుకున్నాం కదమ్మా, వచ్చెయ్యమను" అన్నాడు. "నోర్మూసుకుని పాపకి జడ వెయ్యరా" అన్నాను. వంకరటింకరగా వేశాడు. అది అద్దం చూసుకుని ఒకటే ఏడుపు. నేర్చుకుంటాడులే, ఏ విద్యైనా మొదట్లో అంతే.

మీ మామగారు పని దగ్గర పోయారని మాత్రమే నీకు తెలుసు. ఎలా పోయారో నేనెప్పుడూ నోరు విప్పలేదు. ఆయన క్రేను కింద ఉన్నారు. గొలుసు జారుతోందని అక్కడ ఊడ్చే మనిషి ఒకావిడ చేతులు ఊపుతూ అరిచిందట. పైన క్రేను నడిపేవాడు చూశాడు. చూసి కూడా "దానికేం తెలుసులే" అనుకుని ఆపలేదు.

అది మనసులో పెట్టుకునే నిన్ను వెనక్కి లాగాను. నీ ఉత్తరం చదివాక నా భయం నాకే తప్పనిపించింది. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు పరీక్షకి కూర్చో. పాపని మేమిద్దరం చూసుకుంటాం. ఎవరు నవ్వినా సరే, ఆపాల్సినచోట ఆపు.

ఆ రోజు ఆ సీట్లో నువ్వుండి ఉంటే, ఆయన సాయంత్రం ఇంటికొచ్చేవారు.

నీ అత్తయ్య